కాకి ఎత్తుకెళ్లిన గారె

తప్పిపోయిన పిల్లల్ని జపాన్ వాళ్లు ‘మైగో’ అంటారు. 2025 ఏప్రిల్ 5, శనివారం మధ్యాహ్నం టోక్యోలోని ఉయెనో జూలో నన్ను మైగో కింద రాసుకున్నారు. అప్పటికి నా వయసు 38. నేను తప్పిపోయానని వెళ్లి చెప్పింది మా ఆరేళ్ల కొడుకు.

దీనికంతటికీ కారణం ఒక గారె. ఆ గారె దాకా రావాలంటే ముందు మా మామగారి గురించి చెప్పాలి.

మా మామగారు ఆర్టీసీలో కంట్రోలర్‌గా రిటైరయ్యారు. తెనాలి బస్టాండులో ఏళ్ల తరబడి మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో చెప్పినవారు. మైకు చెడిపోయిన రోజున కూడా ప్రయాణికులకు తేడా తెలిసేది కాదని మా ఆవిడ గొప్పగా చెబుతుంటుంది. పెళ్లయిన కొత్తలో అతిశయోక్తి అనుకున్నాను.

ఆయన చెర్రీ పూలు చూద్దామని మార్చిలో మా ఇంటికి వచ్చారు. టోక్యోలో పూలు పూశాయని ఎవరికి వారు అనుకుంటే చెల్లదు. యాసుకుని గుడి ఆవరణలో ఒక చెట్టుంది. వాతావరణ శాఖవాళ్లు వెళ్లి, ఆ చెట్టుకి ఐదారు పూలు విచ్చుకున్నాయని లెక్కపెట్టి చెప్పాకే నగరమంతటికీ పూలు పూసినట్టు. ఆ ఏడాది మార్చి 24న చెప్పారు. “ఐదు పువ్వులకి ప్రెస్సు మీటా?” అన్నారు మామగారు. 30న నిండా పూశాయన్నారు. సరిగ్గా ఆ రోజే మనకి ఉగాది. ఊరు ఊరంతా పువ్వులే, పచ్చట్లోకి మాత్రం వేప పువ్వు లేదు. మా ఆవిడ సూపర్ మార్కెట్లో ఉప్పులో ఊరేసిన చెర్రీ పూలు దొరికితే తెచ్చి వేసింది. షడ్రుచుల్లో ఐదు మాయమై ఉప్పొక్కటే మిగిలింది. ఆ ఏడాది పంచాంగం సంగతి నాకు అప్పుడే అర్థమైపోవాల్సింది.

ఏప్రిల్ మొదట్లో మూడు రోజులు చలి, వాన. పూలు పూసేవేళ వచ్చే చలికి ఇక్కడ ‘హనబియే’ అని ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. మామగారు పేరు అడగలేదు, మంకీ క్యాప్ అడిగారు. శనివారం ఎండ కాసినా అది తల మీంచి దిగలేదు.

ఉయెనో స్టేషన్‌లో పార్కు వైపు బయటికొస్తే జూ ఎంతో దూరం లేదు. చెట్ల కింద బాటకి రెండు వైపులా నీలం టార్పాలిన్లు పరిచి ఉన్నాయి. ఒక్కో దాని మీద ఒక్కో కుర్రాడు, సాయంత్రం వచ్చే ఆఫీసు వాళ్ల కోసం జాగా కాపలా కాస్తూ, కోటు కప్పుకుని ముడుచుకు పడుకున్నాడు. మామగారు ఆగి పరీక్షగా చూశారు.

“మనం ఈ పట్టాల మీద ధాన్యం ఆరబెడతాం. వీళ్లు మనుషుల్ని ఆరబెడుతున్నారేంటి బాబూ?”

జూ టికెట్ పెద్దలకి 600 యెన్లు, 65 దాటినవాళ్లకి 300, మా చిన్నుగాడికి ఉచితం. తన టికెట్ సగమేనని తెలిసి ఆయన మొహం వెలిగిపోయింది. “మన ఆర్టీసీలో సీనియర్ సిటిజన్‌కి పాతిక శాతమే,” అన్నారు. తర్వాత ఏ బోను ముందు నిలబడినా ఆ 300 యెన్ల ప్రస్తావన రాకుండా పోలేదు. ఎలుగుబంటిని చూసి కూడా “సగం రేటుకి బాగానే ఉంది” అన్నారు.

అసలు వచ్చింది పాండాల కోసం. షావ్‌షావ్, లేయ్‌లేయ్ అని 2021లో అక్కడే పుట్టిన కవలలు. అన్న, చెల్లెలు. (తర్వాతి ఏడాది జనవరిలో ఆ రెండింటినీ చైనాకి పంపేశారు. ఇప్పుడు వెళ్తే జపాన్‌లో ఎక్కడా పాండా లేదు. మేం ముందే వెళ్లాం కాబట్టి మాకు కనీసం వీపు దక్కింది.) క్యూ గంటా ఇరవై నిమిషాలు. నేను తెలివిగా, “మీరు ఏనుగుల్ని చూసి రండి, నేను నిలబడతాను, దగ్గరికొచ్చాక ఫోన్ చేస్తాను” అన్నాను. మధ్యలో వచ్చి కలవడం కుదరదట, వచ్చినవాళ్లంతా కలిసే నిలబడాలట. మామగారు క్యూ పొడుగు చూసి, “300 దర్శనం లేదా?” అన్నారు. మీరిచ్చింది 300 యెన్లే కదా అన్నాను. ఆయన నవ్వలేదు.

గంటా ఇరవై నిమిషాల తర్వాత లోపలికి వదిలారు. ఒక్క నిమిషం. పాండా మాకు వీపు పెట్టి కూర్చుని వెదురు నములుతోంది. చిన్ను పిలిచాడు, మా ఆవిడ పిలిచింది. తిరగలేదు. నిమిషం అయిపోయింది, జరగమన్నారు. బయటికొచ్చాక మామగారు చాలాసేపు ఆలోచించి ఒక మాట చెప్పారు.

“తోక తెల్లగా ఉంది బాబూ. నేను నలుపనుకునేవాణ్ణి.”

నేనూ నలుపనే అనుకునేవాణ్ణి. ఇంటికెళ్లి చూస్తే నిజమే, పాండా తోక తెలుపే. బొమ్మలు గీసేవాళ్లలో చాలామంది నల్లగా గీస్తారు. మొహం చూసివచ్చిన వాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు.

ఏనుగుల దగ్గర మాత్రం ఆయన కదలనన్నారు. యుద్ధం రోజుల్లో, 1943లో, ఇక్కడి ఏనుగుల్ని తిండి పెట్టకుండా చంపేశారని, తర్వాత ఏనుగే లేని జూలో పిల్లలు మాకో ఏనుగు కావాలని ఉత్తరాలు రాస్తే నెహ్రూ గారు 1949లో మైసూరు ఏనుగుని పంపారని, దానికి తన కూతురి పేరే ఇందిర అని పెట్టారని చెప్పాను. మామగారు మంకీ క్యాప్ తీసి చేత్తో పట్టుకున్నారు. ఆ రోజు మొత్తంలో అది తీయడం అదే మొదలు. తర్వాత అక్కడున్న గున్న పేరు అడిగారు. అరుణ్, 2020లో పుట్టింది అన్నాను. “మనవాడే!” అని టోపీ మళ్లీ పెట్టుకున్నారు. తల్లిదండ్రులు థాయ్‌లాండ్ ఏనుగులని చెప్పబోతే మా ఆవిడ నా చెయ్యి గిల్లింది.

ఇక గారె.

జూ లోపలే 1639 నాటి ఐదంతస్తుల పగోడా ఒకటుంది. దాని దాపున చెట్టు కింద బెంచీ దొరికింది. మా ఆవిడ తెల్లవారుజామున లేచి వండిన పులిహోర, మినప గారెలు బయటికి తీసింది. గారెలు నాలుగేసి చొప్పున రేకు కాగితంలో చుట్టి ఉన్నాయి. ఫోటో తీద్దురుగానని నా ఫోన్ మామగారి చేతికిచ్చాను. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఒక పొట్లం విప్పి, గారె తుంచి నోట్లో పెట్టుకోబోతున్నారు. పూల రేకులు రెండు రాలి పులిహోర మీద పడ్డాయి. ఎంత బాగుందో అనుకున్నాను.

వెనక నుంచి పెద్ద నల్లటి రెక్క నా చెవిని రాసుకుంటూ పోయింది.

టోక్యో కాకిని మన కాకితో పోల్చకూడదు. ఇది కోడంత ఉంటుంది, ముక్కు కొడవలిలా ఉంటుంది, పైగా భయం లేదు. ఒళ్లో విప్పి ఉన్న పొట్లం అంచు ముక్కున కరుచుకుని, గారెలతో సహా లేచింది. రెండు కింద పడ్డాయి. మిగతావాటితో వెళ్లి ఎదురు చెట్టు కొమ్మ మీద వాలింది.

చుట్టుపక్కల వాళ్లు “అయ్యో” అన్న అర్థం వచ్చే మాటేదో అన్నారు. ఒకావిడ మామగారికి తడి రుమాలు ఇచ్చింది. మామగారు రుమాలు తీసుకోలేదు. లేచి నిలబడ్డారు. రెండు చేతులూ జోడించారు. కళ్లల్లో నీళ్లు.

“నాన్నగారే!” అన్నారు.

నాకు ఏమనాలో తోచలేదు.

“గారెలంటే ప్రాణం బాబూ ఆయనకి. బతికుండగా కృష్ణ బ్యారేజీ దాటి అవతలికి వెళ్లలేదు. చూడు, ఎంత దూరం వచ్చాడో!”

రుమాలు ఇచ్చినావిడ కూడా ఎందుకైనా మంచిదని కాకికి వంగి నమస్కారం పెట్టింది.

మామగారికి కనబడింది వాళ్ల నాన్నగారు. నాకు కనబడింది రేకు కాగితం. ఈ దేశంలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. వీధిలో చెత్తకుండీ కనపడదు, అయినా వీధిలో చెత్త ఉండదు. ఎవరి చెత్త వాళ్లు సంచిలో వేసుకుని ఇంటికి మోసుకుపోతారు. అటువంటి చోట మా ఇంటి రేకు కాగితం జంతువుల బోనులో పడితే? ఏ జింకో మింగితే? మర్నాటి పత్రికలో ‘భారతీయుడి గారె’ అని వస్తే? నాకు టెన్షన్ మొదలైంది. కాకి ఎగిరింది. వెనకే నేనూ పరుగెత్తాను.

అది వాలుతుంది, ఒక ముక్క తింటుంది, నేను దగ్గరికి వచ్చేదాకా ఆగుతుంది, కాగితం కరుచుకుని మళ్లీ ఎగురుతుంది. మామగారి నాన్నగారే అయితే అల్లుడి మీద ఇంత కసి ఎందుకో అర్థం కాలేదు. కోతుల కొండ దాటాం. ఈ జూ తూర్పు, పడమర అని రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో ఈసప్ పేరు పెట్టిన వంతెన. వంతెన కూడా దాటి, షినోబజు చెరువు పక్కకి దిగేశాం. చివరికి గారెలు అయిపోయాక, అక్కరలేని కాగితాన్ని ఒక కమ్మీ పక్కన పడేసి, ముక్కు ఆ కమ్మీకే తుడుచుకుని వెళ్లిపోయింది.

నేను ఆ కాగితం తీసి, మడిచి, రొప్పుతూ తలెత్తాను. ఎదురుగా హషిబిరోకో.

అది ఆఫ్రికా కొంగ. నాలుగడుగుల ఎత్తు, చెక్క బూటు తొడుక్కున్నట్టుండే ముక్కు. ఇది ఎందుకు ప్రసిద్ధి అంటే, కదలదు. గంటల తరబడి ఒక్క కాలూ జరపకుండా, బ్యాంకులో లోన్ ఆఫీసరు మన కాగితాలు చూసినట్టు చూస్తుంది. అది నన్ను చూసింది, నా చేతిలో నూనె కాగితం చూసింది. నేను దాన్ని చూశాను. ఇద్దరం కదల్లేదు. ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టాను. ఫోన్ మామగారి ఒళ్లో ఉంది. మా ఆవిడ నంబరు చెప్పగలనా? పదకొండంకెల్లో నాకు మొదటి మూడే వచ్చు. ఆ మూడూ జపాన్‌లో లక్షలమందికి ఒకటే.

తప్పిపోయినవాడు ఉన్నచోటే ఉండాలని చిన్నుకి వందసార్లు చెప్పాను. అందుకని నేనూ అక్కడే ఉన్నాను. కాసేపటికి ఒక పిల్ల మా ఇద్దరినీ కలిపి ఫోటో తీసుకుంది.

ఇదే సమయంలో అవతల ఏం జరిగిందో మా ఆవిడ తర్వాత చెప్పింది. పది నిమిషాలు చూశారట. చిన్నుగాడు, వాడి జపనీస్ మా అందరికన్నా మేలు కాబట్టి, జూ సిబ్బందిలో ఒకాయన దగ్గరికెళ్లి, “మా నాన్న మైగో అయ్యాడు” అన్నాడట. ఆయన వాడి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, వయసెంత అని అడిగాడట. 38 అన్నాడు. రాసుకున్నాడట. నవ్వలేదట. ఏం బట్టలు? నీలం చొక్కా. ఏడుస్తూ వెళ్లాడా? లేదు, కాకి వెనక పరుగెత్తుకుంటూ వెళ్లాడు. అదీ రాసుకున్నాడట.

ప్రకటన చేయిస్తాను, కాస్త ఇక్కడే ఉండండి అని ఆయన అన్నదాన్ని మా ఆవిడ తెలుగులో చెప్పింది. ‘ప్రకటన’ అన్న మాట వినేసరికి మామగారిలో ఏదో కదిలింది. “మైకు ఎక్కడ?” అన్నారు. మైకు ఇవ్వరు నాన్నా అని మా ఆవిడ అంటుండగానే ఆయన వంతెన మీదికి నడిచారట. సరిగ్గా నడిమధ్య నిలబడి, మంకీ క్యాప్ తీసి, గొంతు సవరించుకున్నారట.

ఇక్కణ్ణుంచి నేను స్వయంగా విన్నదే.

“ప్రయాణికులకు ముఖ్య గమనిక!”

చెరువు మీద బాతులు లేచాయి.

“తెనాలి అల్లుడుగారు, టోక్యో సాఫ్ట్‌వేర్, నీలం చొక్కా! తమరు ఎక్కడ ఉన్నప్పటికీ వెంటనే వంతెన వద్దకు రావలెను! తమరి భార్య, కుమారుడు, మామగారు, గారెల డబ్బా తమరి కొరకు వేచి యున్నారు!”

హషిబిరోకో తల తిప్పింది. ప్రమాణం చేసి చెబుతున్నాను. చుట్టూ ఉన్నవాళ్లంతా ‘ఓ...’ అని కెమెరాలెత్తారు. తల తిప్పడం చూడడానికి పొద్దుటి నుంచీ కాచుక్కూర్చున్నవాళ్లు కొందరున్నారు. ఒకాయన కృతజ్ఞతగా నా వైపు చూశాడు.

నేను పరుగందుకునేలోపు ప్రకటన హిందీలోకి మారింది. వంతెన ఎక్కేసరికి ఇంగ్లీషు. నేను ఎదురుగా నిలబడ్డా ఆయన మధ్యలో ఆపలేదు, మూడు భాషలూ పూర్తి చేశాకే టోపీ పెట్టుకున్నారు. జూ ఆయన పుస్తకం తీసి నా చొక్కా చూసి టిక్కు పెట్టుకున్నాడు. పిల్లాణ్ణి అప్పగించుకునే పెద్దవాళ్లెవరు అన్నట్టు మా మొహాలు చూశాడు. చిన్ను చెయ్యెత్తాడు.

మళ్లీ బెంచీ దగ్గరికి వచ్చాం. డబ్బాలో గారెలు ఇంకా ఆరున్నాయి. మా ఆవిడ మూత బిగించి, మీద బ్యాగు పెట్టి, ఆ బ్యాగు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. రేకు కాగితం నా జేబులో చొక్కాకి నూనె పట్టిస్తోంది. ఇక్కడ పక్షులకి తిండి పెట్టకూడదని మామగారికి వివరంగా చెప్పాను. ఆయన బుద్ధిగా తలూపుతూ విన్నారు. చూపు మాత్రం పగోడా పై అంతస్తు మీదే ఉంది. అక్కడ మన కాకి తిరిగొచ్చి కూర్చుంది. పక్కన ఇంకొకటి.

“బాబూ,” అన్నారు మెల్లగా, “ఆ మూత కాస్త తీయించు. ఈసారి మా అమ్మ కూడా వచ్చింది.”