ఊళ్లో ఉన్న పంపులన్నీ వచ్చాయి

గ్రావెల్ సైకిల్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మా బావ గంటసేపు చెబుతాడు. నేను ఒక్క ముక్కలో చెబుతాను: రోడ్డు బాగున్నచోట తొక్కడానికి మనసొప్పని వాళ్ల కోసం చేసిన సైకిల్. చూడ్డానికి రేసు సైకిల్‌కి ఉన్నట్టే వంపు హ్యాండిల్ ఉంటుంది. కానీ దాని టైరు 28 మిల్లీమీటర్లుంటే, దీనిది 40, 45 దాకా ఉంటుంది. గాలి కూడా 30, 40 పీఎస్ఐ కొడితే చాలు. రాయి తగిలితే టైరు కాస్త నొక్కుకుని దాటాలి గానీ, మనిషిని ఎగరేయకూడదు. అదీ కిటుకు.

ఈ పిచ్చి మా బావ ఒక్కడికే ఉందనుకునేరు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియాలో 2006లో మొదలైన కంకర రోడ్ల పందెం ఒకటుంది. అందులో బాగా పేరున్న దూరం 200 మైళ్లు. 2023లో వాన పడి, మట్టి చక్రాలకి మెత్తుకుపోయి, పేరున్న రేసర్లు కూడా సైకిళ్లు భుజాన వేసుకుని నడిచారు. 2022లో ఇటలీలో మొదటి గ్రావెల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టి, మగవాళ్ల పందేన్ని విచెంజా నుంచి చిట్టడెల్లా దాకా 194 కిలోమీటర్లు తొక్కించారు. చిట్టడెల్లా అంటే చుట్టూ మధ్యయుగాల నాటి కోటగోడ ఉన్న పాత ఊరు. ఆ ఫొటోలు చూసిన దగ్గర్నుంచీ నది, పాత ఊరు, రాళ్లు పరిచిన వీధి, ఈ మూడూ ఒకేచోట ఉంటే తప్ప బావకి సైకిల్ ఎక్కబుద్ధి కావడం లేదు.

అలాంటి చోటు దొరకడం పెద్ద కష్టమేం కాదు. పాత ఊళ్లు చాలావరకు నదిని పట్టుకునే పుట్టాయి. కాకపోతే వరద భయంతో జనం గట్టు మీద ఎత్తుగా ఇళ్లు కట్టుకున్నారు. అందుకే మ్యాపులో నది పక్క బాట అని చూసి సంబరపడి బయల్దేరితే, నది దాని మానాన అది చదునుగా పోతుంటుంది, మనం మాత్రం ప్రతి ఊరికీ ఎక్కుతూ దిగుతూ రొప్పుతుంటాం.

ఆ రోజు కూడా అలాగే రొప్పుకుంటూ ఒక ఊరెక్కాం. సగం కూలిన బురుజు, పక్కనే రేవులోకి దిగే మెట్లు, ఎన్ని తరాలు నడిచాయో గానీ నున్నగా అరిగిపోయిన రాతి వీధి. రేవుకి ఎటు పోవాలో అడుగుదామంటే మనిషి జాడ లేదు. తలుపులన్నీ వేసున్నాయి. ఒక కుక్క మమ్మల్ని ఎగాదిగా చూసి, మొరగడం దండగనుకుని మళ్లీ పడుకుంది.

"చూశావట్రా, ఎంత ప్రశాంతంగా ఉందో! పిట్ట కూత తప్ప..." అంటున్నాడు బావ. ఆ మాట పూర్తికాకుండానే వెనక చక్రం కింద 'టప్' మంది.

రెండు రాళ్ల మధ్య పైకి లేచిన ఒక పదునైన అంచు, టైరు పక్క భాగాన్ని కోసేసింది. ట్యూబ్‌లెస్ టైరు కదా, లోపల ట్యూబ్ బదులు తెల్లటి రబ్బరు పాలు పోసి ఉంటాయి. కంత పడితే గాలితో పాటు అవి బయటికి తన్నుకొచ్చి, గడ్డకట్టి, కంత మూసేస్తాయి. ఐదారు మిల్లీమీటర్ల లోపు కంతైతే నిజంగానే మూస్తాయి, అందులో అబద్ధం లేదు. ఇది బొటనవేలి గోరంత ఉంది.

"ఆగకు! తిరుగుతుంటేనే మూసుకుంటుంది!" అని అరుస్తూ బావ ఇంకా గట్టిగా తొక్కాడు. చక్రం తిరిగినప్పుడల్లా 'ఫస్స్' మని ఒక చిమ్ము. ముందు బావ నడుం మీద, తర్వాత వీపు మీద, ఆ తర్వాత హెల్మెట్ మీద తెల్లటి చార పాకుతూ పోయింది. మిగిలిందంతా వెనకొస్తున్న నాకు. కళ్లద్దాల మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి. తుడిస్తే పోకపోగా పల్చటి పొరలా సాగాయి. పైగా ముక్కు అదిరిపోయే అమ్మోనియా వాసన.

వీధి చివరికి వచ్చేసరికి టైరు చప్పగా రాళ్లకి అంటుకుపోయింది. బావ దిగాడు. అప్పుడు తెరుచుకుంది మొదటి తలుపు.

ఆ జనమంతా అప్పటిదాకా ఎక్కడున్నారో నాకిప్పటికీ అర్థం కాదు. దారి అడగడానికి దొరకని ఊరు, పంక్చర్ చూడ్డానికి పిల్లాజెల్లాతో సహా కదిలొచ్చింది. పడుకున్న కుక్క కూడా లేచొచ్చి ముందు వరసలో కూర్చుంది.

"ఏంటి బాబూ, టైర్లో పాలు పోశారా?" అని అడిగిందొక పెద్దావిడ.

బావకి అంత మంది శ్రోతలు జన్మలో దొరకలేదు. వీపు మీద చార కారుతుండగానే ట్యూబ్‌లెస్ గొప్పతనం చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ అంతా శ్రద్ధగా విని, "అంటే అవుంటే పంక్చర్ పడదన్నమాట" అంది. బావ దగ్గర జవాబు లేదు.

పంపు తియ్యి బావా అన్నాను. బరువని తేలేదట. దాని బదులు 16 గ్రాముల గ్యాసుండే చిన్న సిలిండర్ ఒకటి తెచ్చాడు. కంతలో జిగురు పట్టీలు మూడు కుక్కి, సిలిండర్ తిప్పాడు. గ్యాసు ఒక్కసారిగా వదిలితే ఆ సిలిండర్ మంచుగడ్డ అయిపోతుంది. చెయ్యి చురుక్కుమనేసరికి బావ కెవ్వుమన్నాడు. పట్టీలు మూడూ ఎగిరిపోయాయి, గ్యాసు వాటి వెనకే పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇక మిగిలిన దారి, టైరు విప్పి మామూలు ట్యూబ్ పెట్టడం. అదృష్టవశాత్తూ అదొక్కటీ సంచీలో ఉంది. కోసుకుపోయిన చోట లోపల ఒక రబ్బరు ముక్క వేసి, మోచేతుల దాకా తెల్లగా చేసుకుని, ఎలాగో ఎక్కించాం. గాలి కొట్టాలి. నేను నోరు తెరిచి అడక్కముందే ఊరు నలువైపులకీ పరిగెత్తి పంపులతో తిరిగొచ్చింది. మోటార్ సైకిల్ పంపు, కాలితో తొక్కే కారు పంపు, ఫుట్‌బాల్‌కి కొట్టే సూది పంపు, ఇంకా ఎవరి తాతదో ఒక ఇత్తడి గొట్టం. సహృదయులు, అందులో సందేహం లేదు. కానీ ఒక్కటీ పట్టలేదు. బావ సైకిల్‌ది ప్రెస్టా వాల్వ్. మోటార్ వాహనాల వాల్వ్ కంటే సన్నంగా ఉంటుంది, కొసన చిన్న మర. దాన్ని విప్పితే గానీ గాలి లోపలికి పోదు. మోటార్ పంపు తగిలించాలంటే మధ్యలో ఒక చిన్న అడాప్టర్ కావాలి.

"అడాప్టర్ ఏది బావా?"

"అది కూడా బరువేరా."

"ఎంత?"

"గ్రాము పైనే ఉంటుంది."

ఈలోగా పంపుల వాళ్లలో వాళ్లకి మాట పెరిగింది. తన పంపుది తప్పు కాదని కారు పంపాయన, అసలా సైకిలే తప్పని మోటార్ సైకిలాయన. ఈ విషయంలో నేను రెండో ఆయన పక్షం.

అప్పటిదాకా నోరు మెదపని ఒక ముసలాయన వచ్చి, "ఈ వాల్వ్‌కి టోపీ ఉండాలే" అన్నాడు. చక్రాల టోపీలు రెండూ బావ ఎప్పుడో పీకి పారేశాడు, మళ్లీ అదే గ్రాముల గొడవ. కొత్త ట్యూబ్ టోపీ మాత్రం నా జేబులో ఉంది. ముసలాయన ఆ ప్లాస్టిక్ టోపీ కొసని బ్లేడుతో కోసి, కన్నం చేసి, వాల్వ్ కొస మర వదులు చేసి, టోపీని తలకిందులుగా బిగించాడు. దాని మీద మోటార్ సైకిల్ పంపు పెడితే అతికినట్టు సరిపోయింది. టైరు లేస్తుంటే బావ ముఖంలో వెలుగు కంటే కారు పంపాయన ముఖంలో నిరాశే నాకు ఎక్కువ కనబడింది.

గాలి నిండింది, చూడ్డానికి ఇంకేం లేదు. ఎవరి పంపు వాళ్లు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. తలుపులు వేసుకున్నాయి. ఒక్క పిల్లాడు మాత్రం ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఏదో గెలుకుతున్నాడు.

"అంకుల్, ఇక్కడో ముల్లుంది."

"ఒరేయ్, తియ్యకు!" అని బావ ఉరికేలోపే వాడు తీసేసి అరచేతిలో చూపించాడు. కన్నంలోంచి తెల్లటి బొట్టొకటి వచ్చింది. బావ చక్రాన్ని గిర్రున తిప్పాడు. రెండు చుట్లు చిమ్మింది, మూడో చుట్టుకి ఆగిపోయింది. నొక్కి చూస్తే గాలి గట్టిగా ఉంది. బావ గర్వంగా లేచి నిలబడి వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఒక్కరూ లేరు. కుక్క కూడా వెళ్లిపోయింది.

"చూశావా బాబూ, ఎలా మూసుకుపోయిందో!" అన్నాడు చివరికి ఆ పిల్లాడితోనే.

వాడు టైరు వంక కాసేపు చూశాడు. "అంతేనా అంకుల్?" అని లేచి, ముల్లు జేబులో వేసుకుని ఇంట్లోకి పోయాడు.