సవరణ: బ్రేక్ పంప్ చేయమని రాసింది తప్పు

మొన్న వానలో డ్రైవింగ్ గురించి పెట్టిన పోస్ట్‌లో, సడన్‌గా ఆపాల్సొస్తే బ్రేక్ వదులుతూ తొక్కుతూ ఉండమని రాశాను కదా, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు తిరగడం ఆగిపోయి లాక్ అవ్వకుండా చూసే సిస్టమ్) ఉన్న కార్లకి అది తప్పు, పొరపాటు నాదే. అది ఏబీఎస్ లేని పాత బండ్ల పద్ధతి. కార్ మాన్యువల్ తీసి చూస్తే క్లియర్‌గా ఉంది, డ్రైవింగ్ నేర్పేవాళ్ళు కూడా ఇదే చెప్తారు: పెడల్ గట్టిగా తొక్కి, బండి ఆగేదాకా అలాగే పట్టి ఉంచాలి.

అప్పుడు కాలికింద పెడల్ దడదడమని కొట్టుకుంటుంది, గరగరమని సౌండ్ కూడా వస్తుంది, చాలామంది ఏదో విరిగిందనుకుని భయపడి కాలు తీసేస్తారు, దయచేసి తీయకండి, చక్రం లాక్ అవ్వకుండా సెకనుకి చాలాసార్లు బ్రేక్‌ని వదిలి పట్టే పని ఏబీఎస్సే చేస్తోందన్నమాట, అందుకే స్టీరింగ్ కూడా మన మాట వింటుంది, అడ్డమొచ్చినదాన్ని తప్పించొచ్చు.

ఇంకోటి, ఏబీఎస్ ఉంటే బండి తొందరగా ఆగుతుందని గ్యారంటీ లేదు, కంకర మీదైతే ఇంకా దూరం వెళ్ళొచ్చు కూడా. కాబట్టి ముందు బండికి పొడి రోడ్డు మీద కనీసం 2 సెకన్లు, తడి రోడ్డు మీద 4 సెకన్ల గ్యాప్ అని రాసింది మాత్రం అలాగే పాటించండి. స్టార్ట్ చేశాక కూడా ఏబీఎస్ లైట్ ఆరకపోతే అది పనిచేయట్లేదని, వెంటనే చూపించండి.