నా డెక్ చూసి నవ్వకండి
ఆదివారం బెంగళూరు కోరమంగళలో పోకెమాన్ కార్డుల టోర్నమెంట్‌కి వెళ్లాను. మూడు నెలలు రాత్రిళ్లు కూర్చుని, ఒక్కో కార్డు తీసి పెట్టి, మళ్లీ మార్చి, కవర్ల అంచులు నలిగిపోయేదాకా కలిపి కలిపి 60 కార్డుల డెక్ సొంతంగా కట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న తెలుగబ్బాయి నా మొదటి కార్డు చూడగానే "ఏంటన్నా, దీన్ని కూడా ఆడతారా?" అని నవ్వాడు. ఒళ్లు మండిపోయింది. అతని చేతిలో ఉన్నదేమో ఎవరో గెలిచిన డెక్ లిస్టు, నెట్‌లో చూసి దింపింది. ఆట మొదట్లో బోర్లా పక్కన పెట్టే 6 ప్రైజు కార్డులూ తీసుకుంటే గెలుపు; నాకు వాటిలో ఒక్కటే మిగిలినప్పుడు ఓడిపోయాను. కావాల్సిన కార్డు ఆ ఒక్కటే, అక్కడే బోర్లా పడి ఉంది. అలా ఏ డెక్‌కైనా జరుగుతుంది కదా! ఓడితే "ముందే చెప్పాం", గెలిస్తే "లక్కు"... మరి నేను పడ్డ కష్టం ఎవరికీ కనపడదా?