మీట నొక్కితే ఇంటి పని అయిపోతుందా?

ఈ మెసేజ్ రాని ఫ్యామిలీ గ్రూపు ఉండదు. రోలు పోయి మిక్సీ వచ్చింది, కట్టెల పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది, బావి పోయి కుళాయి వచ్చింది, బండ పోయి వాషింగ్ మెషీన్ వచ్చింది. ఇవేవీ లేని రోజుల్లో నాయనమ్మలు పదిమందికి వండిపెట్టి ఆరోగ్యంగా ఉన్నారు, ఇప్పటి ఆడవాళ్లు మీటలు నొక్కి కూడా అలసిపోయామంటున్నారు, ఆడపిల్లలకు పని నేర్పకపోవడమే దీనికంతటికీ కారణం. ఇదీ అందులోని సారాంశం. ఒక్కో మాటా తీసి చూద్దాం.

మీట నొక్కితే చాలన్న మాట. రేపు పొద్దున టిఫిన్‌కి ఇడ్లీ అనుకుంటే పని ఈరోజు మధ్యాహ్నమే మొదలవుతుంది. గ్లాసు మినప్పప్పుకి 2 గ్లాసుల ఇడ్లీ రవ్వ. పప్పు 4 గంటలు నానాలి. రవ్వ వేరే గిన్నెలో నానబెట్టి, తెల్లనీళ్లు పోయేదాకా మూడు నాలుగుసార్లు కడిగి, గుప్పిట పట్టి గట్టిగా పిండాలి. పప్పు గ్రైండర్లో అరగంట దాకా తిరుగుతుంది. అంతసేపూ మధ్యమధ్యలో వచ్చి నీళ్లు చిలకరిస్తూ, అంచుకి అంటుకున్న పిండిని లోపలికి తొయ్యాలి. నీళ్లన్నీ ఒక్కసారే పోస్తే పిండి జారైపోయి ఇడ్లీ అణిగిపోతుంది. మిక్సీలో వేస్తే జార్ వేడెక్కుతుంది, అందుకని చల్లటి నీళ్లు పోసి ఆపి ఆపి తిప్పాలి. తర్వాత గ్రైండర్ రాళ్లు బయటికి తీసి, సందుల్లో పిండి ఎండకముందే కడగాలి. ఎండాకాలం పిండి త్వరగా పులిసి గిన్నె దాటి పొర్లుతుంది, చలికాలం 12 గంటలైనా పొంగదు. దాన్నీ కనిపెట్టుకుని ఉండాలి.

ఇంత పనిలో యంత్రం చేసింది రుబ్బడం ఒక్కటే. పప్పు నిండుకుందా, ఎన్నింటికి నానబెట్టాలి, సాయంత్రం కరెంటు ఉంటుందా అని మధ్యాహ్నం నుంచి మనసులో పెట్టుకుని తిరిగేది మనిషే. ఆ మనిషి ఎవరో ప్రతి ఇంట్లో తెలుసు.

బట్టలూ అంతే. మెషీన్ గంటలో ఉతికేస్తుంది. దానికి ముందు జేబుల్లో పెన్నులు, కాగితాలు వెతకాలి, తెల్లవి విడదియ్యాలి, రంగుపోయే కొత్త బట్ట పక్కన పెట్టాలి, కాలర్లకు సబ్బు రుద్దాలి. అయిపోయాక వెంటనే తియ్యకపోతే ముక్కిన వాసన. ఆరెయ్యడం, వాన పడితే పరిగెత్తి తియ్యడం, మడతలు, ఎవరి అర వాళ్లకి సర్దడం. బోరు నీళ్లున్న చోట డ్రమ్ములో పేరుకున్న ఉప్పు వదలగొట్టడం కూడా ఉంటుంది. పైగా రెండ్రోజులు వేసుకునే చొక్కాని ఇప్పుడు ఒక్కపూటకే బుట్టలో పడేస్తున్నారు, మెషీన్ ఉంది కదా అని. రోటి రోజుల్లో ఒక కూర, ఒక పచ్చడితో పూట గడిచిన ఇంట్లో ఇప్పుడు పెద్దాయనకి నూనె లేని కూర, పిల్లలకి రెండు రకాల డబ్బాలు కావాలి. యంత్రం మిగిల్చిన సమయం అక్కడికే పోయింది.

పని తగ్గిందన్న మాట. దీనికి లెక్కలున్నాయి. కేంద్ర గణాంక శాఖ 2019లో జనం రోజంతా ఏ పని మీద ఎంతసేపు ఉంటారో సర్వే చేసింది. ఇంటి పని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకి 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు గడుపుతున్నారు. అసలు చేసేవాళ్లే ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో 26 మంది. మళ్లీ 2024లో చూస్తే ఆడవాళ్లకి 289, మగవాళ్లకి 88. అయిదేళ్లలో ఆమెకు తగ్గింది 10 నిమిషాలు. అతనికీ 9 తగ్గాయి. 2021 జనవరిలో, ప్రమాదంలో చనిపోయిన గృహిణికి పరిహారం లెక్కగట్టే కేసులో సుప్రీంకోర్టు జడ్జి ఎన్.వి. రమణ ఆ 2019 సర్వేనే ఎత్తిచూపి, ఇంటి పనికి ఆదాయం కట్టాల్సిందేనని రాశారు.

నాయనమ్మల ఆరోగ్యం. మనం చూసింది బతికిన నాయనమ్మలని. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉంది. పసిపిల్లల చావులు అందులో పెద్ద భాగమే, కానీ పురిట్లో పోయిన తల్లులూ ఉన్నారు. బతికినవాళ్లు ఊదుగొట్టంతో పొయ్యి ఊది ఊది ఆ పొగ పీల్చారు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం పెట్టి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది ఆ పొగ నుంచి తప్పించడానికే.

వాళ్లు ఒంటరిగానూ చెయ్యలేదు. ఉమ్మడి కుటుంబంలో తోడికోడళ్లు, బడి మానిపించిన ఆడపిల్లలు ఉండేవాళ్లు. కలిగిన ఇళ్లలో బట్టలుతికింది చాకలి ఇంటివాళ్లు, వడ్లు దంచింది కూలికొచ్చిన ఆడవాళ్లు. ఆ చేతులన్నీ మర్చిపోయి ఒక్క నాయనమ్మ పేరు చెప్పడం న్యాయం కాదు.

అలసట మాటకొస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే అలవాటు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉంది. రక్తం తక్కువైన మనిషి అలసిపోయానంటే బద్ధకం అనకండి, పరీక్ష చేయించండి.

ఆడపిల్లలకు పని నేర్పాలన్న మాట. నేర్పాలి. కొడుకు పేరు ఆ మెసేజ్‌లో ఎందుకు లేదు? కుక్కర్లో అన్నం పన్నెండేళ్ల పిల్లాడు పెద్దవాళ్లు పక్కనుంటే వారంలో నేర్చుకుంటాడు. పాత బియ్యం గ్లాసుకి 2 గ్లాసుల నీళ్లు, కొత్తవైతే ఒకటిన్నర. మూత పెట్టేముందు విజిల్ కన్నంలో గంజి అడ్డుపడిందేమో చూడాలి, రబ్బరు సరిగ్గా కూర్చోవాలి. 3 విజిళ్లు, స్టవ్ కట్టేసి ఆవిరంతా పోయాకే మూత.

ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే పొరపాటు, పనిని ముక్కగా ఇవ్వడం. అమ్మ బియ్యం కొలిచి, కడిగి, నీళ్లు పోసి, వాడిని స్టవ్ వెలిగించమంటే అది నేర్పడం కాదు. రాత్రి అన్నం వాడిదంటే డబ్బాలో బియ్యం ఉన్నాయో లేదో చూడటం నుంచి కుక్కర్ తోమి బోర్లించడం దాకా వాడిదే. ఏడున్నరకి ఎవరైనా గుర్తుచేస్తే ఆ పని ఇంకా గుర్తుచేసినవాళ్లదే. మొదటి వారం అన్నం మెత్తబడుతుంది, ఒకరోజు అడుగంటుతుంది. అడుగంటిన గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టి, పొద్దున తోమాల్సిందీ వాడే.