ఆ ఐదో మాటను దయచేసి ఎవరికీ పంపకండి

"మనిషి రెండే భయాలతో పుడతాడు, మిగతావన్నీ మనసు అల్లుకున్న అబద్ధాలు" అని మొదలయ్యే సందేశాన్ని ఈ పది రోజుల్లో నాకు ఆరుగురు పంపారు. అందరూ నాకు కావలసినవారే, మేలు కోరి పంపినవారే. మూడుసార్లు చదివి ఊరుకున్నాను గానీ ఇక ఊరుకోలేను. అందులో ఐదు మాటలున్నాయి: నేర్చుకున్న భయాలన్నీ అహేతుకమట, లెక్కలు తెలిస్తే భయం దానంతటదే పోతుందట, ధైర్యవంతులకు భయమే ఉండదట, నీలం రంగును చూస్తూ ఊపిరి పీలిస్తే ఏ భయమైనా తగ్గుతుందట, భయపడేవారిని అందులోకే ఒక్కసారి తోసేస్తే ఇక జన్మలో భయపడరట.

ఆ రెండు భయాల మాట జాన్ వాట్సన్ అనే మనస్తత్వవేత్తది. పెద్ద శబ్దానికి, ఆధారం జారిపోవడానికి తప్ప పసివాళ్లు పుట్టుకతో దేనికీ భయపడరని ఆయన వాదించాడు. సరే, ఒప్పుకుందాం. ఆయనే రోసలీ రేనర్‌తో కలిసి 1920లో ప్రచురించిన ప్రయోగంలో, తెల్ల ఎలుకను చూసి ఏమాత్రం జంకని పదకొండు నెలల పిల్లవాడు దాన్ని తాకబోయినప్పుడల్లా వెనక నుంచి ఉక్కు కడ్డీని సుత్తితో మోగించారు. కొన్నిసార్లకే ఆ పిల్లవాడు ఎలుక కనబడితే చాలు ఏడవడం మొదలుపెట్టాడు. ఎలుక వచ్చినప్పుడల్లా గుండె అదిరే మోత వచ్చిన ఆ బిడ్డకు అంతకంటే సరైన నిర్ణయం ఇంకేముంది? నిప్పు కాలుతుందన్నదీ నేర్చుకున్న సంగతే. అది అబద్ధమని ఎవరూ అనరు. పైగా ఎదురైనదల్లా భయంగా మారదు. ప్రయోగశాలలో పెరిగిన కోతులకు పాముల భయం లేకపోయినా, తోటి కోతి పామును చూసి బెదరడం వీడియోలో చూసి అవీ బెదరడం నేర్చుకున్నాయని, అదే వీడియోలో పాము స్థానంలో పువ్వులు పెట్టి చూపితే నేర్చుకోలేదని 1980లలో సూసన్ మినెకా, మైకేల్ కుక్ అనే మనస్తత్వవేత్తలు గమనించారు. పాముకాటుకు ఏటా 81,000 నుంచి 1,38,000 మంది దాకా చనిపోతున్నారన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా చూస్తే, ఆ కోతులను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

లెక్కల విషయంలో సందేశం రాసినవారి పక్షాన ఒక మాట చెప్పాలి. 2001 సెప్టెంబరు 11 విమాన దాడుల తర్వాత చాలామంది అమెరికన్లు విమానాలు మానుకుని కార్లలో తిరిగారు. దానివల్ల తర్వాతి పన్నెండు నెలల్లో రోడ్ల మీద సుమారు 1,500 మంది అదనంగా చనిపోయారని మనస్తత్వవేత్త గెర్డ్ గిగరెంజర్ అంచనా వేశాడు. భయం లెక్క తప్పగలదు, ప్రాణాలూ తీయగలదు. అయితే ఆ లెక్కను చెప్పినంత మాత్రాన కాళ్ల వణుకు ఆగదు. విమానం ఎక్కలేనివారికి దాని భద్రత గురించి మనకంటే ఎక్కువే తెలిసి ఉండవచ్చు. ఇటు తన భయం మితిమీరినదని తెలియని మనిషికి ఫోబియా, అంటే జబ్బుగా మారిన భయం, లేదనీ అనలేం: 1994 నాటి అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం పెద్దవారికి ఆ ఎరుక ఉండాలనేది, 2013 సంచికలో ఆ నియమాన్ని తీసేశారు. అసలు ప్రమాదానికి మించి భయం ఉందా, అది ఆ మనిషి రోజువారీ బతుకును అడ్డుకుంటోందా అన్నది వైద్యులు చూస్తారు.

భయమే లేకపోవడం ధైర్యం కాదని అందరికీ తెలిసిందే. నీలం రంగు మాటకు జవాబు అక్కర్లేదు.

ఇక ఐదో మాట. ఆ సందేశం చదివిన మా తమ్ముడు ఏడేళ్ల కూతుర్ని ఈతకొలనుకు తీసుకువెళ్లి, మెట్ల పక్క కడ్డీని పట్టుకున్న పిల్ల వేళ్లను ఒక్కొక్కటే విడదీసి నీళ్లలోకి నెట్టాడు. రెండు క్షణాల్లో పైకి తీశాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. ఆ రోజు నుంచి తలకు పోయడానికి చెంబు ఎత్తితే పిల్ల భుజాలు చెవుల దాకా బిగుసుకుపోతున్నాయి. "చెప్పకుండా పోయకమ్మా" అని తల్లిని పదేపదే అడుగుతోంది. నీళ్లు ప్రమాదం కాదని నేర్పబోతే, నాన్న చెయ్యి కూడా నెట్టగలదని ఆ పిల్ల నేర్చుకుంది. ఇంతకీ ఈత రాని పిల్ల లోతు నీళ్లకు భయపడటంలో అహేతుకం ఏముంది? 2021 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. ఈ సలహా రాసిన మనిషి ఏ పిల్ల చెయ్యి పట్టుకుని చూశారు? రక్తాన్ని చూసి భయపడేవారిలో చాలామందికి రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పుతుందే, వారినీ తోసేయమంటారా?

తప్పించుకు తిరిగితే భయం పెరుగుతుంది, నిజమే. ఇంకొకటీ ఒప్పుకోవాలి: ఆ సందేశంలోని "ఒక్కసారి" అన్నది కూడా పూర్తిగా అబద్ధం కాదు. కొన్ని ఫోబియాలను గరిష్ఠంగా మూడు గంటల ఒకే విడతలో నయం చేసే పద్ధతిని స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరన్ ఓస్ట్ రూపొందించాడు. కానీ అందులో ప్రతి మెట్టూ ముందే చెబుతారు, వైద్యుడు తాను చేసి చూపిస్తాడు, భయపడే మనిషి సరేనన్నాకే ముందుకు వెళతారు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త, మూడేళ్లు నిండని పీటర్ అనే పిల్లవాడికి కుందేలు భయం పోగొట్టినప్పుడూ పంజరాన్ని ఒడిలో పెట్టలేదు. పిల్లవాడు ఇష్టమైనది తింటుండగా దూరాన ఉంచి, అతను ఓర్చుకున్నంత మేరకే దగ్గరకు జరుపుతూ వచ్చింది.

మా తమ్ముడికి ఇదంతా చెప్పాను. తను కూతురికి క్షమాపణ చెప్పాడు. ఇప్పుడు ఇద్దరూ వారానికి రెండుసార్లు మొదటి మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెడుతున్నారు. క్రితం వారం పిల్ల తనంతట తానే రెండో మెట్టు దిగింది, కడ్డీని మాత్రం వదల్లేదు.