నా ఆసరా జోలికి రావద్దు

విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక జీడిపప్పు ప్యాకింగ్ సంస్థకు ఇరవై ఆరేళ్లుగా పరిపాలనాధికారిని. మా సమాన అవకాశాల కమిటీకి అధ్యక్షుణ్ణి కూడా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సంస్థలన్నీ సమాన అవకాశాల విధానం రాసి పెట్టుకోవాలన్నది. రాసుకున్నాం, లామినేషన్ చేయించి గోడకు తగిలించాం. ఆ గోడ కిందనే ర్యాంపు ఉంది, దాని మీద మా బైకులున్నాయి. ప్రభుత్వం వికలాంగులను ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటోంది, మేమూ వెంటనే అలాగే అనడం మొదలుపెట్టాం. పేరు మార్చడానికి బైకులు తీయనక్కర్లేదు కదా.

అంతటితో ఆగితే బాగుండేది. ఇప్పుడు ‘ఆసరాతో ఉద్యోగం’ అనే కొత్త పద్ధతి ఒకటి వినబడుతోంది. ఇది 1980లలో అమెరికాలో పుంజుకున్నదట. అంతకుముందు నడిచింది పెద్దమనుషుల పద్ధతి: ముందు శిక్షణ, సిద్ధమయ్యాక ఉద్యోగం. సిద్ధమయ్యారో లేదో తేల్చేది మనమే కాబట్టి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. కొవ్వొత్తులు పోయడంలో కొన్నేళ్లు, కాగితం కవర్లు అంటించడంలో కొన్నేళ్లు శిక్షణ పొందుతూనే జుట్టు నెరిసినవాళ్లున్నారు. అలాంటి ఒక కేంద్రం నుంచి మేమూ ఏటా దీపావళికి ప్రమిదలు కొని ఫొటో దిగుతాం. ఈ కొత్తవాళ్లు దాన్ని తలకిందులు చేశారు. ముందే నిజమైన జీతానికి నిజమైన పనిలో పెట్టి, అక్కడే నేర్పుతారట. జాబ్ కోచ్ అనే మనిషి పక్కన నిలబడి పనిని చిన్న చిన్న ముక్కలు చేసి చూపిస్తూ, ఆ ఉద్యోగి కుదురుకునే కొద్దీ తాను తప్పుకుంటారట. డెబొరా బెకర్, రాబర్ట్ డ్రేక్ అనే ఇద్దరు 1990లలో దీన్ని తీవ్రమైన మానసిక జబ్బులున్నవారికి అనువుగా మలిచి, పని చేయాలన్న కోరిక ఉంటే చాలు, వేరే అర్హత అడగొద్దన్నారు. పాత పద్ధతినీ దీన్నీ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే చాలాచోట్ల దీనితోనే ఎక్కువమందికి ఉద్యోగాలు దొరికాయి. దొరకవా మరి! ఉద్యోగం ఇస్తే ఉద్యోగం దొరుకుతుంది. దీన్ని కూడా ఒక పరిశోధన అంటారా?

నా అభ్యంతరం ఖర్చు గురించి కాదు. ఆసరా అనేది తరతరాలుగా మా సొత్తు. పొద్దున నేను వచ్చేసరికి మా అటెండరు కంప్యూటర్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టి ఉంచుతాడు. అది అతనికే గుర్తుంటుంది. నేను సంతకం చేయాల్సిన చోటల్లా పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెడతాడు. ఒక చందనోత్సవానికి అతను సింహాచలం వెళితే, టేబుల్ మీదున్న పెళ్లి శుభలేఖ మీద ‘పరిశీలించి నివేదిక పంపగలరు’ అని రాసి సంతకం పెట్టాను. మీటింగులో అంకెలు అడిగితే వెనక నుంచి అకౌంటెంటు చీటీ అందిస్తాడు. నా ఉత్తరాల్లో తప్పులు స్టెనో దిద్దుతుంది. ఇన్నేళ్లలో దీన్ని ఎవరూ ఆసరా అనలేదు, హోదా అన్నారు.

మానసిక జబ్బు వల్ల కలిగిన వైకల్యాన్ని కొలవడానికి మన దేశంలో ‘ఐడియాస్’ అనే కొలమానం ఉంది. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, ఉద్యోగమో ఇంటిపనో చేయగలగడం అని నాలుగు అంశాలు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు, ఎక్కువ వస్తే ఎక్కువ వైకల్యం. జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నది కూడా కలుపుతారు. ఒక ఆదివారం సరదాగా నాకు నేనే మార్కులు వేసుకుందామని కూర్చున్నాను. మొదటి అంశానికి మా ఆవిడను అడిగితే, కూర తరుగుతూ తల ఎత్తకుండానే ‘మూడు’ అంది. నాలుగో అంశానికి అటెండరును అడగాలనుకుని, ఎందుకొచ్చిన గొడవ అని ఆ కాగితం మడిచేశాను.

ఈ కొలతలో నాకు బాగా నచ్చిన మెలిక ఒకటుంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో మానసిక జబ్బుకు ఉద్యోగాల వాటా లేదు. 2016 చట్టం ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకు నాలుగు శాతం ఇచ్చి, అందులో ఒక శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, మానసిక జబ్బు వగైరాలకు కలిపి పంచింది. అది అందుకోవాలంటే నలభై శాతం వైకల్యం తేలాలి. అంటే డాక్టరు ముందు పని చేయడం ఎంత కష్టమో చెప్పి మార్కులు తెచ్చుకోవాలి, తర్వాత ఇంటర్వ్యూలో అదే పని ఎంత సులువో చెప్పాలి. ఇంత నటన చేతనైనవాడికి గుమాస్తాగిరీ ఎందుకు?

మా వంటి ప్రైవేటు సంస్థలతో చట్టం ఇంకా మర్యాదగా మాట్లాడింది. సిబ్బందిలో కనీసం ఐదు శాతం వికలాంగులు ఉండేలా ప్రభుత్వాలు తమ స్తోమత కొద్దీ ప్రోత్సాహకాలు ఇవ్వాలంది. మేము ప్రోత్సాహం కోసం ఎదురుచూస్తున్నాం.

ఈలోగా లెక్కల విభాగానికి ఒక అబ్బాయి ఇంటర్వ్యూకు వచ్చాడు. బీకాం, మంచి మార్కులు, నడుమ రెండేళ్లు ఖాళీ. చిరునామా చినవాల్తేరు. మా సభ్యుడొకరు ఆ చిరునామా మీద వేలు పెట్టి నా వైపు చూసి నవ్వారు. మానసిక వైద్యశాల ఉన్న పేటలో అద్దెకుండటం కూడా మా ఊళ్లో ఒక లక్షణమే. అబ్బాయి దాచలేదు. బైపోలార్ అనే మానసిక జబ్బు ఉందన్నాడు, మందులతో ఇప్పుడు బాగున్నానన్నాడు, పొద్దున కాస్త మగతగా ఉంటుంది కాబట్టి తొమ్మిదికి బదులు పదిన్నరకు వచ్చి ఆ గంటన్నర సాయంత్రం కూర్చుంటానన్నాడు. చట్టం దీన్ని తగిన సర్దుబాటు అంటుంది, సంస్థకు మోయలేని భారం కానప్పుడు కాదంటే వివక్ష అంటుంది. మేము క్రమశిక్షణ అన్నాం. మా డైరెక్టరు గారు బీచ్ రోడ్డులో నడక, ఇడ్లీ, పత్రిక ముగించుకుని పదకొండున్నరకు వస్తారు, అది దూరదృష్టి. నా బీపీ బిళ్లలు, షుగరు బిళ్లలు పెన్నుల స్టాండు పక్కనే అందరికీ కనబడేలా ఉంటాయి, వచ్చినవాళ్లు మోతాదు అడిగి సానుభూతి చూపిస్తారు. ఆ అబ్బాయి తన బిళ్ల పేరు చెప్పే ముందు తలుపు మూసి ఉందో లేదో చూసుకున్నాడు. ‘అనుభవం చాలదు’ అని రాసి పంపేశాం. ఎవరికి చాలదో రాయలేదు.

అయినా కమిటీ కళ్లుగప్పి ఒకడు లోపలికి వచ్చాడు. మేధో వైకల్యం ఉన్న ఇరవై రెండేళ్ల కుర్రాడు. యజమాని గారి బావమరిది సిఫారసు. సిఫారసు మన సంప్రదాయ ఆసరా కనుక నోరు మెదపలేదు. నాకంటే వాళ్లమ్మే ఎక్కువ భయపడింది. 2024 జూలై నుంచి పింఛను ఆరు వేలయింది, ఉద్యోగమని తెలిస్తే ఆపేస్తారేమో బాబూ అని రెండుసార్లు అడిగింది.

వాడితో పాటు జాబ్ కోచ్ వచ్చింది. వారం రోజులు ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడి చూసి, ఒక అట్ట మీద పన్నెండు గళ్లు గీసింది, ఒక్కో గడి ఒక్కో ప్యాకెట్ కొలత. గళ్లన్నీ నిండాకే డబ్బాలోకి ఎత్తాలి. గడి ఖాళీగా కనబడితే డబ్బా కట్టకూడదు. లెక్కపెట్టే పనే లేదు. సీలు మిషను పైన గోడకు అయిదు ఫొటోల పట్టీ అంటించింది: నిండిన గళ్లు, డబ్బా, తిన్నగా అతికించిన లేబులు, బ్యాచ్ నంబరు ముద్ర, టేపు. చివరి ఫొటోలో టేపు అంచు మడిచి పెట్టిన వేలు కూడా కనిపిస్తుంది.

నష్టం అక్కడే మొదలైంది. పక్క బల్లలవాళ్లు, ఆ కుర్రాడు టీకి వెళ్లినప్పుడు, అట్ట అరువు తీసుకోవడం మొదలుపెట్టారు. తర్వాత తలా ఒకటి గీసుకున్నారు. ఇదివరకు నెలకు నాలుగైదు డబ్బాలు పదకొండు ప్యాకెట్లతో వెళ్లి, డీలరు తిట్లతో సహా తిరిగొచ్చేవి. వాటి మీద సంజాయిషీలు, విచారణలు, నివేదికలు, అదంతా నా ఫైలు. మూడు నెలలుగా అందులో కొత్త కాగితం లేదు. ఒక అధికారికి నడుస్తున్న ఫైలు ఆగిపోవడం ఎంత కష్టమో అనుభవిస్తేగాని తెలియదు.

పోయిన గురువారం ఆ జాబ్ కోచ్ నా గదికి వచ్చింది. “ఇకమీదట నెలకోసారి వస్తే చాలు సార్, అతనికి నా అవసరం తగ్గింది” అంది. నాకు గుండె గుభేలుమంది. మా అటెండరు మార్చిలో రిటైరవుతున్నాడు.

తలుపు దగ్గరగా వేసి, “అమ్మా, ఆఫీసు పనులకు కూడా అలాంటి ఫొటోల పట్టీ చేస్తారా? మా దగ్గర ఒకాయన ఉన్నారు” అన్నాను.

“చేద్దాం సార్” అంటూ నోటుబుక్కు తెరిచింది. “ఆయన పొద్దున రాగానే మొదట చేసే పని ఏమిటి?”

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. బెల్లు కొట్టి అటెండరును పిలిచాను.