ఎడారిలో మొక్క నాటి వదిలేస్తే అదే బతుకుతుందా? ఆ మెసేజ్‌ను నమ్మకండి

ఎడారి నేలల్లో చెట్లు పెంచడం గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇది: "కరువును తట్టుకునే చెట్టు నాటితే నీళ్లు పోయక్కర్లేదు, వేళ్లే నీటిని వెతుక్కుంటాయి. ఎడారిలో పెరిగే చెట్టు ఏదైనా ఒకటే, వేగంగా పెరిగేదైతే ఇంకా మంచిది. గుంత నిండా ఎరువు వేసి పెద్ద మొక్క పెట్టండి. ఆకులు రాలిపోతే అది చచ్చినట్టే, పీకేసి ఇంకోటి పెట్టండి." షేర్ చేసేవాళ్ల ఉద్దేశం మంచిదే, నాలుగు చెట్లు పెరగాలనే. కానీ ఇందులో దాదాపు ప్రతి ముక్కా తప్పు, ఒకటైతే మొత్తం ప్రాంతాన్నే దెబ్బతీసే తప్పు.

ముందు "నీళ్లు పోయక్కర్లేదు" అన్న మాట, ఎక్కువ మొక్కలు చచ్చేది దీనివల్లే కాబట్టి. అమెరికాలోని ఆరిజోనాలో ఒక గని తవ్వుతుంటే మెస్కీట్ అనే ఎడారి చెట్టు వేళ్లు 53 మీటర్ల లోతున కనిపించాయి. సహారాలో, నైజర్ దేశంలో ఒంటరిగా నిలిచిన తెనెరే తుమ్మ పక్కన బావి తవ్వినప్పుడు దాని వేళ్లు 30 మీటర్లకు పైగా దిగి నీటిని అందుకున్నాయని తేలింది. ఇవి నిజాలే. అయితే అవి అక్కడే గింజ పడి మొలిచి, ఏళ్ల తరబడి తడి వెంట కిందికి దిగిన వేళ్లు. మీరు నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకు నాటిన రోజున ఉన్నదల్లా ఆ కవర్లోని మట్టిముద్ద, అందులో గుండ్రంగా చుట్టుకుపోయిన వేళ్లు, అంతే. చుట్టూ నేల పొడిగా ఉంటే అవి బయటికి రావు, ఎందుకంటే వేళ్లు తడి ఉన్న మట్టిలోనే పెరుగుతాయి, ఎక్కడో దూరంగా ఉన్న నీటిని పసిగట్టి పొడి మట్టిని చీల్చుకుంటూ వెళ్లవు. ఎదిగిన చెట్లలో కూడా నీటిని పీల్చే సన్నటి వేళ్లు చాలావరకు పైపై 60 సెంటీమీటర్లలోనే, కొమ్మల అంచు దాటి పక్కలకు పాకి ఉంటాయి.

కాబట్టి ఏ జాతి అయినా సరే, మొదటి రెండు మూడు వేసవులు నీళ్లు పోయాల్సిందే. ఎలా పోస్తున్నామన్నది ఇంకా ముఖ్యం. రోజూ ఒక చెంబు పోస్తే వేళ్లు పైనే ఉండిపోతాయి, పైగా నీళ్లు ఆవిరై ఉప్పు అక్కడే పేరుకుంటుంది. ఒకసారి పోస్తే రెండు అడుగుల లోతు దాకా తడవాలి, మళ్లీ పైమట్టి ఆరేదాకా ఆగాలి, మొక్క కుదురుకునేకొద్దీ ఆ గ్యాప్ పెంచుతూ పోవాలి. ఎంత లోతు తడిసిందో చూడటానికి ఒక సన్నటి ఇనుప చువ్వ చాలు, తడి ఉన్నంతవరకు సులువుగా దిగుతుంది, పొడి తగలగానే ఆగిపోతుంది. చెట్టు పెరిగేకొద్దీ పాదును, డ్రిప్ పైపును మొదలు నుంచి బయటికి జరపండి, చాలామంది మర్చిపోయేది ఇదే.

"ఎడారిలో పెరిగేది ఏదైనా ఒకటే" అనేది రెండో తప్పు. ఖర్జూర చెట్టునే చూడండి. ఎడారి అనగానే గుర్తొచ్చేది అదే, కానీ అది ఎండను తట్టుకునే చెట్టు, కరువును కాదు, ఒయాసిస్సుల్లో పెరిగేది కింద నీరు ఉంది కాబట్టే. మంచి కాపు రావాలంటే దానికి బాగా నీళ్లు కావాలి. అమెరికా ఎడారుల్లో వాగుల వెంట కాటన్‌వుడ్ చెట్లు కనిపిస్తాయి, వాగు ఎండిపోయి భూగర్భజలం దిగిపోతే అవీ పోతాయి. ఎడారులు కూడా ఒకలాంటివి కావు. అమెరికా, మెక్సికోల్లో ఉన్న వేడి సోనోరన్ ఎడారి చెట్టును మంగోలియా, చైనాల్లోని చలి ఎడారి గోబీలో పెడితే మొదటి చలికాలంలోనే గడ్డకట్టి పోతుంది. జాతిని ఎంచుకునే ముందు ఆ చోట చలి ఎంత పడుతుంది, నేల చవుడా కాదా, కింద సున్నపు గట్టిపొర ఉందా, ఇవి చూసుకోవాలి. గుంతలో నీళ్లు నింపి చూడండి. మర్నాటికి కూడా ఇంకకపోతే ఆ పొరను పగలగొట్టాలి, లేదా చోటు మార్చాలి.

ఇక "వేగంగా పెరిగేదైతే మంచిది" అన్నది. నాకు నిజంగా కోపం తెప్పించేది ఈ సలహానే. సర్కారు తుమ్మను ఇలాగే, త్వరగా పెరుగుతుంది, కట్టెలొస్తాయి, ఇసుకను ఆపుతుంది అని ఎన్నో దేశాల్లో నాటారు. ఇథియోపియాలోని అఫార్‌లో పశువులు మేసే బీళ్లను అది కమ్మేసింది. కెన్యాలోని బారింగోలో ఈ చెట్టు వల్ల మేత పోయింది, తియ్యటి కాయలు తిన్న మేకల పళ్లు పాడయ్యాయి, అక్కడి జనం ప్రభుత్వం మీద కోర్టుకు వెళ్లారు. పశువులు కాయలు తిని పేడతో పాటు గింజల్ని ఊరంతా చల్లుతాయి, నరికితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఆస్ట్రేలియాలో నీడ కోసం తెచ్చిన ఏథెల్ చెట్టు 1974 వరదల తర్వాత ఫింకే నది పొడవునా వ్యాపించింది. అదే జమ్మి చెట్టును తీసుకోండి, థార్‌లో, అరేబియాలో ఎప్పటినుంచో ఉన్న చెట్టు, నిదానంగా పెరుగుతుంది, దాని కింద పంటలు కూడా పండుతాయి, యూఏఈకి అదే జాతీయ వృక్షం. కానీ దాన్ని కూడా దాని సొంత ప్రాంతంలోనే నాటమంటాను, అన్ని ఎడారులకూ కాదు. నీళ్లు ఎక్కువ తాగి గబగబా ఎదిగిన చెట్టుకు పైన బరువు పెరుగుతుంది, కింద పట్టు ఉండదు, పెద్ద గాలి వస్తే వేళ్లతో సహా ఒరిగిపోతుంది.

ఎరువు, పెద్ద మొక్క సంగతి త్వరగా చెప్పేస్తాను. గుంతలో మాత్రమే మెత్తటి సారమున్న మట్టి ఉంటే వేళ్లు అందులోనే తిరుగుతాయి, బయటి గట్టి నేలలోకి పోవు. తవ్విన మట్టినే తిరిగి వేయండి, గుంత లోతు మట్టిముద్ద ఎత్తు ఉంటే చాలు, వెడల్పు మాత్రం రెండు మూడింతలు ఉండాలి. ఎండుటాకులో, చిన్న రాళ్లో పైన పరవండి, మొదలుకు తగలకుండా. చిన్న మొక్క త్వరగా కుదురుకుంటుంది, కొన్నేళ్లలో పెద్ద మొక్కను అందుకుంటుంది.

చివరిది, ఆకులు రాలడం. నీళ్లు తక్కువైనప్పుడు ఆకులు వదిలేయడం చాలా ఎడారి చెట్లు బతకడానికి చేసే పనే. సోనోరన్ ఎడారిలో పెరిగే పాలో వర్డే చెట్టు అయితే ఆకులన్నీ రాల్చేసి, పచ్చగా ఉండే తన బెరడుతోనే ఆహారం తయారు చేసుకుంటుంది. అందుకే పీకే ముందు ఒక సన్న కొమ్మ మీద గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా తడిగా ఉంటే అది బతికే ఉంది, లోతుగా ఒకసారి నీళ్లు పెట్టి చిగురు కోసం ఆగండి. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకా కిందికి, మొదలు దగ్గర గీకండి, అక్కడా పొడిగా ఉంటేనే తీసేయండి.